రఘూ, ఆ రైలు కథ విన్నావా?

రేయ్ రఘూ,

ఎట్లున్నావు? ఇక్కడ పెనుకొండ కియాలో పనిచేసినన్నాళ్ళూ క్యాంటీన్లో కిమ్చీ కనపడితే ముక్కు మూసుకునేవాడివి. ఇప్పుడు సియోల్లో రెండు పూటలా అదే లాగిస్తున్నావని మీ అమ్మ చెప్తే నవ్వాగలేదు.

నీ అపార్ట్‌మెంట్ కింద అంగడి పెద్దాయన నువ్వు ఇండియా అనగానే చేయి పట్టుకుని, యుద్ధంలో మీ డాక్టర్లు మా వాళ్ళని కాపాడారు అన్నాడన్నావు కదా. అదేం కథరా అని అడిగావు. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, తీరిగ్గా చదువు.

1950లో ఉత్తర కొరియా దక్షిణ కొరియా మీద పడింది. అట్లా కొరియా యుద్ధం మొదలైనప్పుడు దక్షిణాన్ని ఆదుకోడానికి ఐక్యరాజ్య సమితి సైన్యాలు కదిలాయి. నెహ్రూ ప్రభుత్వం మాత్రం పోరాడే సైన్యాన్ని పంపనంది. బదులుగా ఒక వైద్య పటాలాన్ని పంపింది. దాని పేరు 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. మొత్తం 346 మంది. నలుగురు సర్జన్లు, ఇద్దరు మత్తు డాక్టర్లు, ఒక పళ్ళ డాక్టరు, ఇంకా మిగతా సిబ్బంది, జవాన్లు. అందరికీ నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. 1942లో మన దేశంలో పారాచూట్ దళం ఇంకా ఊపిరి పోసుకుంటున్నప్పుడు, విమానంలోంచి దూకిన తొలి భారతీయులు ఇద్దరే: ఈయన, హవల్దార్ మేజర్ మథురా సింగ్. ఆ రోజుల్లో బ్రిటిష్ పద్ధతిలో వీపు మీద ఒక్క పారాచూటే ఉండేది. అది తెరుచుకోకపోతే ఇక అంతే. డాక్టరు చదువు చదివి హాయిగా క్లినిక్ పెట్టుకోక ఈయనకి ఇదేం పిచ్చిరా అనిపించింది నాకు.

అయితే నన్ను పట్టేసింది ఆయన అట్లా దూకడం కాదు. 1950 నవంబర్‌లో ఈ పటాలం పూసన్ రేవులో దిగి, కొన్నాళ్ళకే ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ చేరింది. సరిగ్గా అప్పుడే ఉత్తర కొరియా తరఫున చైనా సైన్యం విరుచుకుపడింది. డిసెంబర్ మొదట్లో అందరూ వెనక్కి వెళ్ళండని ఆర్డర్. వీళ్ళకేమో వాహనాల్లేవు. మనుషులు ఎట్లాగో తప్పించుకోవచ్చు, సామాన్ల సంగతేంటి? ఇక్కడ నా ఉద్యోగం గుర్తు తెచ్చుకో. నేను రోజూ ఆపరేషన్ థియేటర్లో ట్రేలు సర్దేవాణ్ణి. ఒక్క క్లాంప్ లెక్క తగ్గితే మా సిస్టర్ ప్రాణం తీస్తుంది. కత్తులు, స్టెరిలైజర్లు, మందులు లేని సర్జన్ ఎంత మంచివాడైనా, పేషెంటు పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం తప్ప ఏం చేస్తాడు? యుద్ధంలో పోయిన సామాను మళ్ళీ ఎప్పటికి వస్తుందో ఎవరికి తెలుసు?

రంగరాజ్ గారు వదిలేయలేదు. వెతగ్గా వెతగ్గా ఒక పాత ఆవిరి ఇంజనూ, కొన్ని రైలు పెట్టెలూ దొరికాయి. ఇంజన్ నడపడం తెలిసినవాళ్ళు జవాన్లలోనే బయటపడ్డారు. పొయ్యికి కట్టెలో బొగ్గో ఏది దొరికితే అది ఏరుకొచ్చి, వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటూ బాయిలర్‌లో నీళ్ళు నింపారు. డిసెంబర్ చలి రా అక్కడ! నీకే తెలియాలి. రైలు కదిలింది, నది మీద వంతెన దాటింది. కాసేపటికే ఆ వంతెనని పేల్చేశారు. సామానంతా సియోల్ చేరింది.

తర్వాత పటాలం రెండు ముక్కలైంది. ఒకటి బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల సైనికులున్న కామన్వెల్త్ బ్రిగేడ్ వెంట ముందు వరసలో, ఇంకోటి మేజర్ ఎన్.బి. బెనర్జీ కింద దక్షిణాన ఉన్న దేగు నగరంలో మామూలు జనానికి వైద్యం చేస్తూ. నీ అంగడి పెద్దాయన దేగు వాడేమో కనుక్కో.

ఇక దూకిన సంగతి. 1951 మార్చి 23న ఆపరేషన్ టొమాహాక్. సియోల్‌కి ఉత్తరాన మున్‌సాన్ దగ్గర, వెనక్కి పోతున్న శత్రువుకి అడ్డం పడదామని అమెరికన్ల 187వ పారాచూట్ దళం విమానాల్లోంచి దూకింది. శత్రువు అప్పటికే చాలావరకు జారుకున్నాడట, అది వేరే సంగతి. ఆ వేల మంది మధ్యలో మన వాళ్ళు 12 మంది దూకారు, రంగరాజ్ గారితో కలిపి. దిగీ దిగగానే ఆపరేషన్లు మొదలు. అక్కడ వంద దాటి ఆపరేషన్లు చేశారు. మాకు జనరేటర్ రెండు నిమిషాలు లేటయితేనే టెన్షన్‌తో చెమటలు పడతాయి.

రంగరాజ్ గారికీ, బెనర్జీ గారికీ యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చే మహావీర్ చక్ర ఇచ్చారు. పటాలం 1954లో తిరిగొచ్చింది.

సైన్యం వదిలాక కూడా ఊరికే కూర్చోలేదు రంగరాజ్ గారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్గానిస్తాన్ కొండల్లో మశూచిని తరిమే పనిలో దిగారు. అక్కడ పల్లెల్లో కొందరు మశూచి పొక్కుల చీము తీసి పిల్లలకి అంటించి, అదే టీకా అనుకునేవాళ్ళు. జబ్బు అట్లా కూడా పాకేది. అలాంటి చోట ఇల్లిల్లూ తిరిగి అసలు టీకా వేయించడమంటే మాటలా? నన్నడిగితే పారాచూట్ వేసుకుని దూకడమే సులువు.

2020లో కొరియా వాళ్ళు ఆయన్ని జూలై నెల యుద్ధవీరుడిగా ప్రకటించారు. మన దగ్గర ఎంతమందికి ఆ పేరు తెలుసో చెప్పు. స్కూల్లో మనకి ఒక్క సారూ చెప్పిన పాపాన పోలేదు.

నీకు ఆదివారం సెలవే కదా. మున్‌సాన్ దాకా సియోల్ నుంచి రైలుంది, పోయి రా. పూసన్ వెళ్తే మాత్రం తేజోంగ్‌దే పార్కు తప్పకుండా చూడు. యుద్ధంలో వైద్య దళాలు పంపిన దేశాల కోసం అక్కడ ఒక స్మారకం కట్టారు, మన దేశం పేరు కూడా ఉంటుంది. ఫోటోలు పంపు, మా సిస్టర్‌కి చూపించాలి. ఈ కథ చెప్తే బకెట్లతో ఇంజన్ నడిపారంటే నేను నమ్మను అంటోంది.

మీ నాన్న బీపీ మాత్రలు నేను తెచ్చి ఇచ్చాను, ఆ లెక్క నాకూ నీకూ వద్దు. అమ్మకి మాత్రం వారానికి రెండుసార్లన్నా ఫోన్ చెయ్యి, నా మీద పడి ఏడుస్తోంది.

నీ
వెంకటేశు