సెలవులకు పోయేముందు: రూం, రైలు, బస్సు

ఆఖరి పరీక్ష రాసిన పూటే రూంకు తాళమేసి ఉరకకండి. సగం ఆరిన బట్టలు మడిచి అల్మారాలో పెడితే వచ్చేసరికి బూజు పడతాయి. ముందురోజు పొద్దున్నే ఉతికెయ్యండి, చలికాలం ఎండ సాయంత్రం దాకా నిలవదు. సకినాలు, బిస్కెట్లు ఏవీ ఉంచొద్దు. ఎలుక వాసన పట్టిందంటే ఛార్జర్ తీగనూ వదలదు. బకెట్ బోర్లించండి, కెటిల్ ప్లగ్గు పీకండి.

మనం రైలెక్కే స్టేషన్ వరంగలా, కాజీపేటా అన్నది టికెట్ మీద రెండుసార్లు చూడండి. విజయవాడ నుంచి బల్లార్షా వైపు పోయే బండ్లు కొన్ని కాజీపేటలో ఆగవు. సికింద్రాబాద్ నుంచి మంచిర్యాల వైపు పోయేవి వరంగల్‌కే రావు. మధ్య దూరం దాదాపు 10 కిలోమీటర్లు, సాయంత్రం ట్రాఫిక్‌లో ఆటోను నమ్ముకోవద్దు.

తత్కాల్ టికెట్ల బుకింగ్ ప్రయాణానికి ముందురోజు పొద్దున ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కు తెరుస్తారు. కానీ ఆ ముందురోజు లెక్క బండి మొదలయ్యే స్టేషన్‌ది. చెన్నైలో రాత్రి బయల్దేరి మనకు తెల్లారి వచ్చే బండైతే, మనం ఎక్కే తేదీకి 2 రోజుల ముందే బుకింగ్. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ఇప్పుడే కలపండి, ఆ పూట ఓటీపీతో కుస్తీ పట్టలేరు.

చెల్లెళ్లూ, ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉంది. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోండి. సూపర్ లగ్జరీ ఎక్కితే పైసలు కట్టాల్సిందే.