అక్వేరియం లైట్ల గురించి మీ ఆదివారం పేజీల రాసింది జర సరిచేయాలె

ఎడిటర్ సారుకు నమస్కారం.

నాది నల్లగొండ, క్లాక్ టవర్ దిక్కు మోటర్ వైండింగ్ షాపు నడిపిస్త. బోరు మోటర్లు, కూలర్ పంపులు, మిక్సీలు, ఏది కాలితే అది నా బల్ల మీదికి వస్తది. పేపర్‌కు ఉత్తరం రాసుడు ఇదే మొదలు, అది కూడ మా బిడ్డ ఫోన్ల టైపు చేస్తున్న, తప్పులుంటే సర్దుకోండ్రి.

మొన్న మీ ఆదివారం పేజీల ఇంట్ల ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టుకునుడు గురించి రాసిండ్రు గద, ఫోటోలు మస్తున్నయి, చేపల గురించి రాసింది కూడ బాగనే ఉన్నది గని లైట్ల కాడికి వచ్చేసరికి నాలుగే నాలుగు లైన్లు రాసి వదిలేసిండ్రు. ఏ ఎల్ఈడీ అయినా నడుస్తదట, తెల్ల ఫ్లడ్ లైటు ఒకటి పెట్టి అందానికి పక్కన బ్లూ స్ట్రిప్ తగిలిస్తే అయిపాయెనట, రోజుకు పన్నెండు పద్నాలుగు గంటలు వేసి పెట్టుకోవచ్చట. మా గల్లీల డిగ్రీ చదివే పిలగాడొకడు ఆ ముక్క కత్తిరించి జేబుల పెట్టుకోని పోయి అన్నీ అట్లనే కొనుక్కొచ్చిండు. బ్లూ స్ట్రిప్ అంటే ఏందో అనుకునేరు, పెళ్లి మండపానికి కట్టేదే. మూడు వారాలకు ఒక బకెట్ పట్టుకోని నా షాపు ముందట నిలబడ్డడు, లోపల వాడు పెట్టిన లెదర్ కోరల్, అంటే తోలు లెక్కుండే మెత్తటి పగడం, కరిగిపోయి వాసన కొడుతున్నది. అన్నా, నీళ్లు మంచిగనే ఉన్నయి, ఉప్పు మంచిగనే ఉన్నది, ఏమైందే అన్నడు. ఇగ ఈ ఉత్తరం అందుకే రాస్తున్న.

మనోళ్లకు పగడం అంటే కుజ దోషానికి ఉంగరంల పెట్టుకునే ఎర్ర రాయే యాదికొస్తది. తమాషా ఏందంటే ఆ ఎర్ర పగడానికి వెలుతురు అక్కరే లేదు, మధ్యధరా సముద్రంల చీకటి గుహల్ల, లోతుల పెరుగుతది, నీళ్లల్ల కొట్టుకొచ్చేది పట్టుకోని తింటది. మనం రీఫ్ ట్యాంకుల, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకుల పెట్టేటివి వేరే జాతి. అవి కూడ జంతువులే, గని వాటి ఒంట్ల కంటికి కనిపియ్యనంత చిన్న నాచు కాపురముంటది, జూజాంథెల్లే అంటరు. ఆ నాచు లైటు పట్టుకోని చక్కెర తయారు చేస్తది, పగడం దాని మీదనే బతుకుతది, తిండిల ఎక్కువ భాగం ఆడికెల్లే. అంటే సారూ, లైటు తక్కువైతే దాన్ని పస్తు పండవెట్టినట్టే. ఎక్కువైనా బాధే, ఆ నాచును బయటికి కక్కేస్తది, ఒళ్లు తెల్లగ పాలిపోతది, దాన్నే బ్లీచింగ్ అంటరు. 2024ల లక్షద్వీప్‌ల పగడాలు తెల్లబడ్డయని మీ అసొంటి పేపర్లల్లనే చదివినం, ఆడ సముద్రం నీళ్లు వేడెక్కి అయింది, ఇంట్ల మనం లైటుతోని చేస్తం.

నేను కూడ చేసిన. దాచుకునుడెందుకు. 2019ల ఇక్కడి డాక్టర్ సారు ఒకాయన ట్రాన్స్‌ఫర్ అయి పోతూ రెండున్నర ఫీట్ల ట్యాంకు నాకిచ్చి పోయిండు, ఆయన ట్యాంకుల నీళ్లు తిప్పే చిన్న పంపు ఖరాబైతే నేనే రెండు సార్లు బాగుచేసిన లెండి, ఆ పరిచయం. అద్దం మాత్రమే ఇచ్చిండు, లైటు లేదు. నేను హైదరాబాద్ పోయి ఒక షాపుల రీఫ్ లైటు అని రెడీమేడ్‌ది కొన్న, డబ్బా మీద 165 వాట్స్ అని ఇంత పెద్దగ ఉన్నది. ఇంటికి తెచ్చి మీటరు పెట్టి చూస్తే 110 దాటలే. లోపల లెక్క పెడితే 55 ఎల్ఈడీలు, ఒక్కోటి 3 వాట్ల రకం, అందుకే 55 మూళ్లు 165 అని రాసుకున్నరు, కరెంటు ఎంత ఇస్తున్నరో ఎవలికి కావాలె. సరే 110 అయినా నా ట్యాంకుకు ఎక్కువనే, గని నాకప్పుడు ఏం తెలుసు, పెట్టిన రోజే ఫుల్‌ల పెట్టిన. వారానికి మష్రూమ్ కోరల్స్, పుట్టగొడుగు లెక్కుండే పగడాలు, ముడుచుకోని పాలిపోయినయి. నేనేమో వెలుతురు సాలుతలేదనుకోని ఇంకో గంట పెంచిన.

తర్వాత సమజైంది ఏందంటే మన కన్ను ఈ పనికి అక్కరకు రాదు. నీళ్లల్ల ఎరుపు మొదలే పోతది, పది మీటర్ల లోతుకు పోకముందే దాదాపు అయిపోతది, కిందికి దిగేది నీలమే. అందుకే ఈ జీవాలు నీలానికి అలవాటు పడ్డయి, వెలుతురు రంగును కొలిచే లెక్కల 450 నానోమీటర్ల అటు ఇటు, అమ్మేటోళ్లు దాన్ని రాయల్ బ్లూ అంటరు. రాయల్ బ్లూ మన కంటికి మసకగ ఉంటది, ఇంత వెలుతురు ఏం సరిపోతది అనిపిస్తది, వెలుతురు కొలిచే లక్స్ మీటర్ కూడ తక్కువే చూపిస్తది ఎందుకంటే అది మనిషి కన్ను లెక్కన తయారైంది. పగడానికి కొలువాల్సింది పార్, 400 నుంచి 700 నానోమీటర్ల నడుమ ఎంత వెలుతురు పడుతున్నదో చెప్పే లెక్క. మష్రూమ్స్ అసొంటి వాటికి 50 నుంచి 100 ఉంటే సరిపోతది, లెదర్ కోరల్‌కు 100 దాటినా మంచిదే, కొమ్మల్లెక్క పెరిగే గట్టి పగడాలకైతే 200, 300 అడుగుతరు. పట్టపగలు మన ఎండల పార్ 2000 దాక ఉంటది, అది చూసి భయపడొద్దు. పార్ మీటర్ ధర నేను చేసిన లైటు కంటే ఎక్కువ, కొనలేదు, హైదరాబాద్‌ల ఒకాయన దగ్గర ఒక్కరోజుకు అడుక్కొచ్చిన. మీ ఫ్లడ్ లైటు వెలుతురు మస్తుగ కనిపిస్తది గద, అందుల నీలం కంటే మన కంటికి నచ్చే ఆకుపచ్చ, పసుపే ఎక్కువ.

ఇగ లైటు కట్టుడు. రెడీమేడ్‌ది అమ్మేసి నేనే చేసుకున్న, నాలుగేండ్లయితాంది, ఒక్క ఎల్ఈడీ పోలే. రాయల్ బ్లూ 12, అవన్నీ ఒక లైను. రెండో లైన్ల తెల్లయి 6, ఊదావి 2. ఊదా అంటే 400 నుంచి 420, అది పెడితే పగడాల ఆకుపచ్చ, నారింజ రంగులు మెరుస్తయి, తిండి కంటే అందమే ఎక్కువ దాంతోని, నాకు ఇష్టం పెట్టుకున్న. మొదటిసారి నేను చేసిన తప్పు వింటే నా దగ్గర మోటర్లు ఇచ్చేటోళ్లు నవ్వుతరు, 12 వోల్టుల అడాప్టర్‌కు మూడేసి ఎల్ఈడీలు కట్టి అన్నీ పక్కపక్కన కలిపిన, రెసిస్టర్ కూడ పెట్టలే. ఎల్ఈడీకి వోల్టేజ్ ఇచ్చి ఊకుంటే నడువది, వేడెక్కుతుంటే అది ఇంకింత కరెంటు గుంజుతది, గుంజితే ఇంకా వేడెక్కుతది, ఆఖరుకు కాలిపోతది. దానికి ఆంపియర్లు పట్టి ఇచ్చే డ్రైవర్ కావాలె, కాన్‌స్టెంట్ కరెంట్ అని రాసి ఉంటది. నాది 700 మిల్లీ ఆంపియర్‌ది. ఒక్కో ఎల్ఈడీకి 3.2 నుంచి 3.4 వోల్టులు, 12 వరుసగ కలిపితే 40 చిల్లర, కాబట్టి 36 నుంచి 48 దాక ఇచ్చే డ్రైవర్ తెచ్చిన. రెండో లైనుకు చిన్నది. రెండూ వేరే వేరే ఎందుకంటే నీలం ఒక తీరు, తెలుపు ఒక తీరు తగ్గించుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీల తిరిగితే ఇసొంటివన్నీ దొరుకుతయి, కాకపోతే అసలుదేదో నకిలీదేదో అమ్మేటోనికి కూడ తెల్వదు, నాలుగైదు ఎక్కువనే తెచ్చుకోండ్రి.

ఎల్ఈడీల వేడి గుంజే హీట్ సింక్ పాత ఆంప్లిఫయర్‌ది, అల్యూమినియం. ఎల్ఈడీ కింద వేడి దించే పేస్ట్ పల్చగ రాయాలె, పరోటాకు నెయ్యి రాసినట్టు మందంగ రాస్తే వేడి దిగదు. అతికించినంక డ్రైవర్ కలిపేముందు మల్టీమీటర్ పెట్టి ప్రతి ఎల్ఈడీ కాలుకు, అల్యూమినియంకు నడుమ తాకుతలేదు గద అని చూడాలె, ఈ పని ఎవలూ చేయరు, తర్వాత షాక్ కొట్టిందంటరు. డ్రైవర్ ఆన్‌ల ఉండంగ ఎల్ఈడీ వైరు తగిలిస్తే కూడ పోతది, ముందు అంతా కలిపి ఆఖరుకు స్విచ్ వేయాలె. మీద కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి. కింద అక్రిలిక్ షీట్, ఎందుకంటే ఉప్పునీళ్ల తుంపర్లు ఊరికే ఉండయి, నెల తిరిగేసరికి సోల్డరింగ్ పచ్చబడి ఊడుతది. ఆ షీట్ మీద ఉప్పు పేరుకుంటే వెలుతురు కిందికి పోదు, వారం వారం తుడువాలె, నేను శుక్రవారం తుడుస్త, ఆ రోజు షాపు బంద్. లెన్స్ 90 డిగ్రీలది పెట్టిన, నీళ్లకు 9 ఇంచుల మీద ఏలాడదీసిన. పార్ మీటర్ తెచ్చిన రోజు చూస్తే నడుమ ఇసుక మీద 70, పై రాయి మీద 160, మూలలకు 30 వచ్చింది. మష్రూమ్స్‌ను కిందికి దించి లెదర్‌ను పైకి ఎక్కిచ్చిన, అంతే, లైటు ముట్టుకోలే. జాగ మార్చుడు అన్నిటికన్నా చవక.

ఇంకోటి, కొత్త లైటు పెట్టినా కొత్త పగడం తెచ్చినా సగం కంటే తక్కువల మొదలుపెట్టి మూడు నాలుగు వారాలల్ల మెల్లగ పెంచాలె. గోధుమ రంగుకు తిరిగితే వెలుతురు తక్కువైందని నాచు ఎక్కువ పెంచుకుంటున్నట్టు, తెల్లబడుతుంటే వెంటనే తగ్గియ్యాలె. రోజుకు 8 నుంచి 10 గంటలు చాలు, మిగతాది రాత్రి, దానికీ రాత్రి కావాలె. పద్నాలుగు గంటలు వేసి పెడితే అద్దాలకు, రాళ్లకు ఆకుపచ్చ నాచు పడుతది. ఒట్టి లైటు మీదనే తప్పు వేయొద్దు, నల్లా నీళ్లు అట్లనే పోసినా అంతే, అందుల నైట్రేట్, ఫాస్ఫేట్ ఉంటే నాచుకు పండుగ. నీళ్ల గురించి నల్లగొండోళ్లకు ఒకరు చెప్పేది లేదు, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని నాగపూర్‌ల ఉన్న నీరి (NEERI) పరిశోధన సంస్థ వాళ్లు పేరు పెట్టిండ్రు. సముద్రం నీళ్లల్ల కూడ లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాక ఫ్లోరైడ్ ఉంటదని తెలిసినప్పుడు మా ఇంట్ల పెద్దమనుషులు ఒక్కసారి నా దిక్కు చూసిండ్రు. నేనైతే ఆర్వో ఫిల్టర్ నీళ్లను, మిగిలిన లవణాలు కూడ గుంజేసే డీఐ రెజిన్‌ల నుంచి పంపి లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలుపుత.

ఎండకాలం అసలు పరీక్ష. మే నెలల ఇక్కడ 44, 45 కొడుతది, ట్యాంకు 26 దగ్గర ఉండాలె. పాత కాలం మెటల్ హలైడ్ బల్బు 250 వాట్లది పెడితే రోజు తొమ్మిది గంటలకు రెండుంపావు యూనిట్లు, నెలకు 67, ఆ వేడిని దించేటందుకు నీళ్లను సల్లబరిచే చిల్లర్ మిషిన్‌కు మళ్ల వేరే బిల్లు. నాది అంతా కలిపి 46 వాట్లు, నెలకు 12 యూనిట్లు. ఎండకాలం లైటు టైం జరుపుత, మధ్యాహ్నం ఆపి సాయంత్రం 4 నుంచి అర్ధరాత్రి దాక, పగడానికి గడియారం తెల్వదు గద, రోజూ ఒకే తీరుంటే చాలు. కరెంటు పోతే లైటు గురించి పరేషాన్ కావొద్దు, ఒక పూట లేకున్నా బతుకుతయి, ఇన్వర్టర్ మీద పెట్టాల్సింది నీళ్లు తిప్పే పంపును.

మీరు రాయనిది, మస్తు కోపమొచ్చింది దీనికే, ఉప్పునీళ్ల మీద కరెంటు ఏలాడదీస్తున్నరు ప్రజలు. 30 మిల్లీ ఆంపియర్‌ది ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతట అదే బంద్ చేసే స్విచ్, పెట్టుకోండ్రని ఒక్క లైను రాస్తే ఏం పోతది. ప్లగ్గుకు పోయే వైరు ముందు కిందికి దిగి మళ్ల పైకి ఎక్కాలె, అప్పుడు వైరు వెంబడి జారే నీళ్లచుక్క కిందనే రాలుతది, సాకెట్ల పోదు. ఫ్రీగ అయ్యే పని.

మీ ఫోటోల కొమ్మల పగడాలు కనిపించినయి. గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌ల ఉన్నయి, పులికి ఎంత రక్షణో వాటికీ అంతే, కచ్ఛ్, మన్నార్, అండమాన్, లక్షద్వీప్ ఏ సముద్రం నుంచి తీసినా నేరమే. ఆ ముచ్చట కూడ రాయాల్సింది. నా దగ్గర మెత్తటివే, మష్రూమ్స్, జొయాంథిడ్స్, ఒక లెదర్, రాళ్లు కూడ సిరామిక్‌వి. జొయాంథిడ్స్ ఉన్న రాయిని వేడినీళ్లల్ల వేసుడు, బ్రష్‌తోని గీకుడు అస్సలు చేయొద్దు, వాటిల్ల పాలీటాక్సిన్ అనే విషం ఉంటది, ఆవిరి పీల్చినా దవాఖాననే.

మాకు సముద్రం అంటే పానగల్లు ఉదయ సముద్రమే, అందుల చేపలే మా చేపలు. ఉప్పునీళ్ల ముచ్చట చెప్పేటోళ్లు ఇక్కడ తక్కువ, పేపర్ల వచ్చిందే నమ్ముతరు, అందుకే అడుగుతున్న, అదే ఆదివారం పేజీల, అదే సైజు అక్షరాలల్ల లైట్ల గురించి సవరణ వేయండ్రి. మీ రిపోర్టర్‌ను పంపినా మంచిదే, మీటరు పెట్టి చూపిస్త.

ఆ పిలగాని కొత్త లైటు నా బల్ల మీదనే ఉన్నది. 8 ఎల్ఈడీలు అతికించినం, ఇంకా 12 ఉన్నయి, లెన్సులు రాలే. మండపం స్ట్రిప్ వాళ్ల అన్న పెళ్లికి దాచి పెట్టుకున్నడు.

ఇట్లు,
ఒక మోటర్ వైండింగ్ మెకానిక్,
నల్లగొండ