పది నెలల పంటినొప్పి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను సార్. మూడుసార్లూ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో అర్జీ పెట్టుకున్న నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది.

మా అబ్బాయికి 26 ఏళ్లు. ఆటిజం. మాటలు రావు. పోయినేడు ఎండాకాలంలో ఉన్నట్టుండి చెంప మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నం పళ్లెం నెట్టేసేవాడు. రాత్రంతా జాగారమే. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఓపీ చీటీకే గంటన్నర. ఆ మైకు మోత, తోపులాట పడలేక చెవులు మూసుకుని అరిచాడు. "పిచ్చోణ్ణి ఎందుకు తెచ్చావమ్మా" అన్నారొకరు. డాక్టరు గారు నోరు తెరిపించి చూసిన పాపాన పోలేదు. "ఆటిజం కదా, బిహేవియర్ ఇలాగే ఉంటుంది" అని మందు డోసు పెంచారు. పది నెలల్లో మూడుసార్లు పెంచారు. వాడు మత్తుగా పడుంటే తగ్గిందనే అనుకున్నాను నేనూ. ఆ తప్పు నాది కూడా.

చివరికి అప్పుచేసి ప్రైవేటులో మత్తిచ్చి చూపిస్తే కింది దవడ పన్ను పుచ్చి, లోపల చీము పట్టి ఉంది. పీకించిన నాలుగో రోజు నుంచి వాడు చెంప ముట్టుకోలేదు. ఈలోపు ఆ అరుపులకు ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చేయించాడు. నా కుట్టుపని పోయింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ మీకు చెప్పేటంతదాన్ని కాదు. వైద్యంలో మాలాంటి వాళ్లకు ప్రాధాన్యమట. ఆసుపత్రిలో ర్యాంపు కట్టారు, సంతోషం. మావాడు ర్యాంపు మీద పరిగెత్తగలడు సార్. నిలబడలేనిది ఆ క్యూలో.

పిల్లల్లో లోపాలను త్వరగా గుర్తించి వైద్యం చేసే జిల్లా కేంద్రం డీఈఐసీకి వెళ్తే, 18 ఏళ్లు దాటినవాళ్లను మేం చూడం అన్నారు. ఆటిజానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు! గోడమీద మాత్రం 'త్వరగా గుర్తించండి' అని పోస్టరు. మేం మూడో ఏటే గుర్తించాం. తర్వాత ఏం చేయాలో పోస్టరులో లేదు.

జిల్లాకో సద్దులేని గది ఇప్పించండి. నెలకొక పూటైనా మత్తిచ్చి పళ్లు చూసే ఏర్పాటు చేయండి. పెద్దవాళ్లకు, సార్. పెద్దవాళ్లకు.

మొన్నటి నుంచి వాడు ఎడమ చెంప తడుముకుంటున్నాడు. ఈసారి ఎక్కడికి తీసుకెళ్లమంటారు?

ఇట్లు,
వాడి అమ్మ,
గుంటూరు జిల్లా