రాయి చివర్న పరవండి: చార్మినార్ సుందరీకరణపై స్థానికుల అభ్యంతరాలు

సంపాదకులకు,

చార్మినార్ చుట్టూ నడకదారుల పథకం మాట పాతికేళ్ల నాటిది. మధ్యలో కొంత పని జరిగింది, కట్టడం చుట్టూ బండ్ల రాకపోకలు ఆగాయి, గ్రానైటు పడింది. ఆ తర్వాత కూడా సుందరీకరణ పేరుతో రంగుల బొమ్మలు వస్తూనే ఉన్నాయి. ఏ బొమ్మ చూసినా నున్నటి నేల, బెంచీలు, ఖాళీ చేతులతో నడిచే జనం. ఠేలా (తోపుడుబండి) ఉండదు, హమాలీ ఉండడు, ట్రాలీ ఆటో ఉండదు. మేం ఈ గల్లీల్లో కాపురముంటున్నవాళ్లం, మల్గీలు (దుకాణాలు) నడుపుతున్నవాళ్లం. వాహనాలు తగ్గిస్తామంటే వద్దనం. ఆ హారన్ల మధ్య బతికేది మేమే. మా అభ్యంతరం పనుల వరుస మీద. ముందు రాయి పరిచేసి, మిగతా సంగతులు తర్వాత చూద్దామంటున్నారు. అన్నీ తేలాక చివర్న పడాల్సింది రాయి.

మొదట నేల కింద సంగతి. ఈ బజార్ల కింద మంచినీటి పైపులు, డ్రైనేజీ, కరెంటు కేబుళ్లు, ఇంటర్నెట్ తీగలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. వాటిలో ఏది చెడినా పైరాయి పెకలించాల్సిందే. మరమ్మతు అయ్యాక గోతిలో తవ్విన మట్టినంతా ఒక్కసారే తోసి, పైన రాళ్లు సర్ది వెళ్లిపోతారు. జానెడు మందాన మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆపైన మరో పొర పోస్తేనే ఆ గొయ్యి గట్టిపడుతుంది. అలా చేయకపోతే తొలి వానకే కుంగుతుంది. సందులు విచ్చుకుంటాయి, నీళ్లు దిగుతాయి, పక్క రాయీ ఊగడం మొదలవుతుంది. కాబట్టి పాత లైన్లు మార్చడం, రోడ్డుకు అడ్డంగా అక్కడక్కడ రెండేసి ఖాళీ పైపులు పాతి ఉంచడం రాయి కంటే ముందు జరగాలి. రేపు కొత్త కేబులు వస్తే తవ్వకుండా అందులోంచి లాగుతారు.

రెండోది మందం. నడకదారే కదా అని రెండంగుళాల పలక చాలనుకుంటే పొరపాటు. నిమజ్జనం రోజు బాలాపూర్ గణేశుడి లారీ, దాని వెనక వరసగా విగ్రహాల లారీలు ఈ దారినే పోతాయి. బోనాల ఘటాలు, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు కూడా ఇటే. ఇసుక మీద పరిచిన పలక లారీ తిన్నగా పోతే ఓర్చుకుంటుందేమో కానీ చక్రం తిరిగే మలుపులో తట్టుకోలేదు. నాలుగంగుళాల దిమ్మె, కింద కాంక్రీటు పునాది ఉండాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఏటా పీకి పరవడానికయ్యే ఖర్చు కూడా లెక్కలో వేసి చూడండి.

ఇంకో చిన్న విషయం, చిన్నదని ఎవరూ పట్టించుకోరు. పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్త పొర వేసిన ప్రతిసారీ నేల మట్టం పెరుగుతుంది, మల్గీ గడప అలాగే ఉంటుంది. వాన నీళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు. డ్రాయింగులో ప్రతి గడప మట్టమూ అంకెల్లో ఉండాలి.

2025 మే 18, ఆదివారం ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర భవనంలో మంటలు రేగి 17 మంది చనిపోయారు. దుకాణాల వెనక ఇళ్లు, లోపలికి పోవడానికి ఒక్కటే ఇరుకు దారి. ఇక్కడి పాత భవనాలు చాలావరకు అంతే: కింద వ్యాపారం, పైన కాపురం, మధ్య ఒకే మెట్లదారి. వాహనాలు రాకుండా దారి మొదట్లో ఇనుప స్తంభాలు పాతుతామంటున్నారు. అలాంటి ఆదివారం ఉదయం వాటి తాళం ఎవరి దగ్గరుంటుంది? ఫైరింజన్ ఏ కమాను కింద దూరుతుంది, ఏ మలుపులో తిరుగుతుంది, నీళ్లు ఎక్కడ పట్టుకుంటుంది? అగ్నిమాపక శాఖ బండి తెచ్చి నడిపి చూపించాకే స్తంభాలు పాతండి. అందం కోసం పెట్టే పూలకుండీలకూ ఇదే షరతు.

ఇక సరుకు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 1.3 కిలోమీటర్ల మేర ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు వాహనాలు నిషేధించారు. సరుకు రాత్రి దించుకోవాలి. అదే నియమం ఇక్కడ దింపితే కుదరదు. పాతబస్తీలో దుకాణాలు పదకొండు దాటాక గానీ పూర్తిగా తెరవరు, కట్టేసరికి బాగా రాత్రవుతుంది. రంజాన్ నెలలో బజారు సహరీ (తెల్లవారుజాము భోజనం) దాకా మేలుకునే ఉంటుంది. అర్ధరాత్రి దింపుడంటే హమాలీకి కూలీ పెరుగుతుంది, మల్గీ దగ్గర కాపలా మనిషి కావాలి. మేం అడిగేది: మామూలు రోజుల్లో ఉదయం 6 నుంచి 10 దాకా సరుకు వేళ, రంజాన్‌కు వేరే వేళలు, పథ్థర్‌గట్టీ వైపూ ఖిల్వత్ వైపూ సరుకు దించే చోట్లు, అక్కడి నుంచి చేతిబండ్లు.

లాడ్ బజార్ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పథకం ప్రచారంలో వాడుకుంటారు, తయారీకి మాత్రం చోటు చూపరు. లక్క వేడిగా, మెత్తగా ఉన్నప్పుడే గుండ్రంగా చుట్టాలి, అద్దాలూ రాళ్లూ ఒక్కొక్కటిగా పొదగాలి. చల్లారితే మళ్లీ నిప్పు చూపించాల్సిందే. బట్టీ వల్ల పొగ అని కార్ఖానాలను ఊరవతలికి పంపితే, కొన్న గాజును కొలతకు సరిచేసి ఇచ్చే పని ఇక్కడ ఉండదు. పొగ గొట్టాలు పెట్టండి, గాలి బయటికి పోయే ఏర్పాటు చేయండి, పనివాళ్లను తరమకండి.

చిరువ్యాపారుల సంగతి చట్టంలోనే ఉంది, కొత్తగా అడిగేదేమీ లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం సెక్షన్ 3(3) ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తరలించాల్సి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. యాభై ఏళ్లకు పైబడిన సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలనీ, వాటిని కదపరాదనీ రెండో షెడ్యూలు చెబుతోంది. చార్మినార్ చుట్టూ ఉన్నది వారసత్వ బజారు కాకపోతే దేశంలో ఇంకెక్కడుంటుందో మాకు తెలియదు. పై అంతస్తులో గది కట్టించి అదే పునరావాసం అంటే ఒప్పుకోం. గాజులూ అత్తరూ దారిన పోతూ చూసి కొనేవి; మెట్లెక్కి వచ్చి అడగరు.

నీడ గురించి కూడా ఒక మాట. 1908 మూసీ వరద తర్వాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పథ్థర్‌గట్టీలో దుకాణాల ముందు రాతి కమానుల వరండా కట్టింది. మే నెల మధ్యాహ్నం కూడా జనం దాని కింద నడుస్తారు. ఇప్పటి బొమ్మల్లో చెట్టూ లేదు, పందిరీ లేదు, ఎండకు కాలే గ్రానైటు మాత్రం ఎకరాల కొద్దీ ఉంది. ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఎక్కడో గుర్తే లేదు.

చార్మినార్ లాంటి రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం చట్టరీత్యా నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే. మా పైకప్పు కారితే బాగుచేయించుకోవడానికి కూడా కాగితం కావాలి. పథకంలో చూపిన దుకాణపు గూళ్లకూ, ఇనుప పందిళ్లకూ ఆ కాగితం ఉందా? ఉంటే చూపించండి.

పగిడీ (కిరాయికి దిగేటప్పుడు ముందుగా కట్టే పెద్ద మొత్తం) ఇచ్చి తరాలుగా నడుపుతున్న కిరాయిదారుల పేరు ఏ పట్టికలోనూ కనిపించడం లేదు. గోడ పోతే పరిహారం యజమానికి, వ్యాపారం పోయేది కిరాయిదారుకు. సర్వేలో రెండు పేర్లూ రాయాలి.

కాబట్టి పని మొదలుపెట్టేముందు ప్రతి మల్గీ నంబరుతో పెద్ద పటం గీసి, ఉర్దూలోనూ తెలుగులోనూ వివరాలు రాసి, చార్మినార్ దగ్గర నెల రోజులు తగిలించండి. అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుని రసీదు ఇవ్వండి. ఆ నెల రంజాన్ కాకుండా చూడండి. అప్పుడు ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు.

– చార్మినార్ పరిసర గల్లీల నివాసులు, వ్యాపారులు
హైదరాబాద్