డూప్లికేట్ ఓటు తీసేముందు ఒకసారి తలుపు కొట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఓటర్ల లిస్టులో డూప్లికేట్లు ఎక్కువైపోయాయి, కంప్యూటర్‌లో ఒక్క నొక్కు నొక్కితే పోతాయి కదా అని మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకటే గోల. పదేళ్లుగా నా పనే అది, డేటాబేస్ టేబుళ్లలో రెండుసార్లు పడ్డ రికార్డులు ఏరడం, అందుకే ఉండబట్టలేక రాస్తున్నా.

తీసేయడం నిజంగానే ఈజీ అండీ. పేరు, తండ్రి పేరు, వయసు కలిసినవన్నీ గుంపులుగా ఒకచోటికి తెచ్చి, ఒక్కో గుంపులో వరసగా నంబర్లు వేసి, 1 ఉంచి మిగతావి డిలీట్ కొట్టేయడమే. ఆ రెండు వరసలూ ఒకే మనిషివా కాదా అని తేల్చడంలోనే ఉంది తంటా అంతా. కొత్తల్లో ఒక కంపెనీలో కస్టమర్ల టేబుల్ క్లీన్ చేయమన్నారు, ఫోన్ నంబర్ ఒకటే ఉంటే మనిషీ ఒకటే అనుకుని లేపేశా, తీరా చూస్తే ఊళ్లలో ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే రాయించారు, అమ్మా నాన్నా పెద్దమ్మా అందరూ ఎగిరిపోయారు. బ్యాకప్ ఉండబట్టి ఆ రోజు బతికిపోయా.

మన పేర్లతో ఇంకో తిరకాసు. అన్నదమ్ములిద్దరూ పెద్దకొడుక్కి తాత పేరే పెడతారు, ఇంటిపేరు ఒకటే, డోర్ నంబర్ ఒకటే, వయసు ఏడాది అటూఇటూ. తండ్రులేమో ఒకాయన వెంకటేశ్వర్లు, ఇంకొకాయన వెంకటేశ్వరరావు, లిస్టు ఎక్కించినవాళ్లు ఇద్దర్నీ వెంకటేశ్వర్లే అని టైప్ చేసేస్తే ఇంకేముంది, పిల్లలిద్దరూ మెషీన్‌కి ఒకడే! నిజంగా రెండు ఓట్లున్నవాడు మాత్రం ఊళ్లో ఇంటిపేరు ముందూ హైదరాబాద్‌లో వెనకా రాయించుకుని దర్జాగా తిరుగుతుంటాడు.

రెండుచోట్ల ఓటు తప్పే, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్లు అదే చెప్తున్నాయి. ఇల్లు మారితే ఫారం 8 పెట్టాల్సింది పోయి ఫారం 6తో కొత్త ఓటు రాయించుకుని పాతదాన్ని గాలికొదిలేసే మనవాళ్లదీ తప్పుంది. కానీ 2018 డిసెంబర్ 7, అసెంబ్లీ ఎన్నికల రోజు గుర్తుందా, తెలంగాణలో బూత్ దాకా వెళ్లి పేరు లేక ఎంతమంది వెనక్కొచ్చారో, బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల లాంటి ఆవిడకే తప్పలేదు, చివరికి రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి సారీ చెప్పారు. ఆ సారీతో ఆ రోజు ఓటు తిరిగి రాదుగా.

మా పనిలో అనుమానం ఉన్న రికార్డులు ముందు వేరే టేబుల్‌లోకి కాపీ చేస్తాం, ఎవరైనా చూసి సరే అన్నాకే అసలు టేబుల్ ముట్టుకుంటాం. ఓటర్ల లిస్టుకీ అంతే చేయండి సార్. ఫొటో కలిసిందనో పేరు కలిసిందనో ఆఫీసులో కూర్చుని కొట్టేయకుండా బీఎల్‌వోని, అంటే బూత్ స్థాయి అధికారిని, ఇంటికి పంపండి, తీసేయబోయే పేర్లు ఎందుకు తీస్తున్నారో రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి, పెద్ద అక్షరాల్లో, తెలుగులో.

ఇట్లు,
ఒక డేటాబేస్ ఉద్యోగి, కూకట్‌పల్లి