గీతలు చెరిపే పని కూడా నేర్పించండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో ఏ వీధిలో చూసినా ‘ఇచ్చట మగ్గం వర్క్ చేయబడును’ అనే బోర్డు కనిపిస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే రాత్రి పన్నెండింటి దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఈ పని మీద బతికే ఆడవాళ్ల కూలీకి గండి కొడుతూ, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే విషయం ఒకటుంది. గుడ్డ మీద డిజైన్ దించడం, కుట్టు అయ్యాక ఆ గీతలు తీసేయడం. దీని గురించి అధికారులు ఒక్కసారైనా ఆలోచించాలని ఈ లేఖ రాస్తున్నాను.

డిజైన్ ఎలా దించుతారో తెలియనివారికి చెబుతాను. ట్రేసింగ్ పేపర్ మీద బొమ్మ గీసి, గీత పొడవునా సూదితో సన్నటి చిల్లులు పొడుస్తాం. మగ్గానికి బిగించిన గుడ్డ మీద ఆ కాగితం పరిచి, జింక్ పౌడర్‌ను కిరోసిన్‌లో కలిపి, గుడ్డ ఉండతో పైన రుద్దుతాం. చిల్లుల్లోంచి దిగి చుక్కలు చుక్కలుగా డిజైన్ పడుతుంది. ముదురు రంగు గుడ్డకు తెల్ల పొడి, లేత రంగుకు నీలం. కలిపింది పల్చనైతే కాగితం కింద పాకి నెమలి మెడ కాస్తా మరకైపోతుంది. చిక్కనైతే చిల్లులో దిగదు. చేయి తిరిగినవాళ్లకు తప్ప ఆ పాకం తెలియదు.

రేషన్‌లో కిరోసిన్ ఆగిపోయాక చాలా ఇళ్లలో బండిలోంచి తీసిన పెట్రోలు, లేదంటే పెయింట్ కొట్టు నుంచి తెచ్చిన థిన్నర్ వాడుతున్నారు. గీతలు తుడవడానికీ అవే. కిరోసిన్‌తో పోలిస్తే పెట్రోలు చాలా తొందరగా ఆవిరవుతుంది, చలికాలంలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. మేం కూర్చునేదీ నేల మీదే. ఒకే గదిలో మగ్గం, నాలుగడుగుల దూరంలో గ్యాస్ పొయ్యి, పక్కనే పడుకున్న పిల్లలు. దేవుడి పటం ముందు దీపం సరేసరి. ఏ ఇంట్లో ఏ రోజు ఏం జరుగుతుందోనని నాకు నిజంగా టెన్షన్‌గా ఉంటుంది.

లక్నో చికన్ అనే ఎంబ్రాయిడరీ పనిలో కూడా ముందు చెక్క అచ్చులతో డిజైన్ ముద్రిస్తారు. అయితే అది ఉతికితే పోయే రంగు. కుట్టు పూర్తయ్యాక గుడ్డ చాకలి చేతికి వెళుతుంది, ఆ ఉతకడమే అక్కడ ఒక ప్రత్యేకమైన పని. మన మగ్గం వర్క్ ఎక్కువగా పట్టు మీద, రా సిల్క్ మీద. పైన జరీ, ముత్యాలు, గమ్‌తో అంటించిన కుందన్లు. బకెట్లో ముంచడానికి లేదు. థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ ముత్యాల మెరుపు పోతుంది, గమ్ వదిలి కుందన్లు రాలతాయి. ఇస్త్రీ పెట్టె వేడెక్కువైతే చవకరకం జరీ ముడుచుకుపోతుంది. నష్టం మాత్రం ఎప్పుడూ కుట్టిన మనిషిదే. ఒక బొటిక్‌లో లేత గులాబీ జాకెట్టు వీపు మీద నీలం చుక్కలు కనిపించాయని పది రోజుల కూలి మొత్తం పట్టుకున్నారు. డిజైన్ దించి ఇచ్చింది ఆ బొటిక్ వాళ్లే.

ఇప్పుడు పెన్నులు వచ్చాయి. నీళ్లతో పోయే నీలం పెన్ను, గాలికి తనంతట తానే పోయే వంకాయరంగు పెన్ను, ఇస్త్రీ చేస్తే పోయే పెన్ను. మంచివే, కానీ ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. నీలం పెన్ను గీతను ముందు చల్లటి మంచినీళ్లతోనే తీయాలి. కడగకుండా ఇస్త్రీ చేసినా, సబ్బు పెట్టినా అది గుడ్డకు పట్టేసి ఇక వదలకపోవచ్చు. గాలికి పోయేది ఒకటి రెండు రోజులకన్నా నిలవదు, పది రోజులు మగ్గం మీదుండే పనికి పనికిరాదు. ఇస్త్రీతో మాయమయ్యే సిరా అసలు పోదు, రంగు కనపడకుండా పోతుందంతే. గడ్డకట్టే చలి తగిలితే మళ్లీ కనిపిస్తుంది. ఇక్కడి జాకెట్లు అమెరికాలో మన పిల్లల పెళ్లిళ్లకు పార్సెల్‌లో వెళుతున్న రోజులివి. జనవరిలో అక్కడి చలికి గీతలు తేలితే ఆ జాకెట్టు వేసుకున్నవాళ్లు ఎవరిని అడగాలి? ముదురు రంగు గుడ్డ మీదైతే ఇస్త్రీ చేశాక తెల్లటి చార కూడా మిగలొచ్చు.

ఈ జాగ్రత్తలు తెలుగులో రాసి ఉన్న ప్యాకెట్ నాకు ఇంతవరకు కనపడలేదు. ప్యాకెట్ వస్తువుల మీద వివరాలకు 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం హిందీ గానీ ఇంగ్లిషు గానీ ఉంటే చాలు. వేరే భాష కూడా చేర్చుకోవచ్చు, కానీ తప్పనిసరి కాదు. కనీసం ప్రభుత్వం కొని పంచే సామాన్ల విషయంలోనైనా తెలుగు సూచనలు ఉండాలని టెండర్‌లోనే షరతు పెట్టవచ్చు కదా.

లక్ష మందికి పైగా బీసీ, ఈడబ్ల్యూఎస్ మహిళలకు ఉచిత కుట్టుశిక్షణ, మిషన్లు ఇచ్చే కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో ప్రారంభించింది. సంతోషం. వీళ్లలో చాలామంది రేపు మగ్గం వర్క్‌లోకీ వస్తారు. కాబట్టి ఇలాంటి శిక్షణల్లో ఒక రోజు ఈ పనికి కేటాయించాలి. అదే గుడ్డ చిన్న ముక్క మీద గీసి, తీసి చూశాకే జాకెట్టు మీద చేయి పెట్టడం నేర్పాలి. గీత సన్నగా పడితే దారం కిందే దాగిపోతుంది, తీయాల్సిన అవసరమే రాదు. ఆ మెలకువ ఊళ్లో పెద్ద పనివాళ్లకు తెలుసు, వాళ్లనే పిలిచి గౌరవ వేతనం ఇచ్చి చెప్పించవచ్చు. అగ్నిమాపక శాఖవారు వచ్చి పెట్రోలు ఆవిరి ఎలా అంటుకుంటుందో ఒక్క గంట చూపించాలి. డిజైన్ ఎవరు దించితే మరక బాధ్యత వాళ్లదేనని బొటిక్‌లు ఆర్డర్ చీటీ మీద రాసిచ్చేలా కార్మిక శాఖ చూడాలి. కొత్త బ్యాచ్‌లు మొదలయ్యేలోపే ఈ ఏర్పాట్లు చేయమని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

– ఒక మగ్గం వర్క్ కార్మికురాలు, తెనాలి