నీకెన్ని కరెక్ట్ అయ్యాయిరా?

తల్లిదండ్రులందరికీ నమస్తే.

ఈ నెల లేఖలో కొత్త బస్సు రూటు గురించి, వేసవి క్లాసుల గురించి రాద్దామనుకున్నాను. ఈఏపీసెట్ రాసొచ్చిన మన ఇంటర్ పిల్లలను చూశాక అవి రెండూ వాయిదా వేశాను. మీలో చాలామంది ఇంకా ఎంసెట్ అనే అంటున్నారు, నేనూ అంతే, పేరు మారింది కానీ నోరు మారలేదు.

ఇంజనీరింగ్ పరీక్షలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే పదిహేను మంది దాకా బడికి వచ్చారు. ఎవరూ రమ్మనలేదు. వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని మొదలుపెట్టారు: ఆ మ్యాట్రిక్స్ దానికి నీకెంత వచ్చింది, నాకు సున్నా, నాకు మైనస్ రెండు, నువ్వు తప్పురా, కాదు నువ్వే తప్పు. ఇద్దరు మగపిల్లలు ఆ ఒక్క లెక్క మీద ముప్పావు గంట కొట్లాడుకున్నారు, నేల మీద పుల్లతో వేసి మరీ. నేను లెక్కల మాస్టారిని కాబట్టి చివరికి పంచాయితీ నా దగ్గరకొచ్చింది. ఇద్దరినీ విడివిడిగా ప్రశ్న చెప్పమన్నాను. ఒకడు రాసింది పొద్దున 9 గంటల షిఫ్ట్, ఇంకొకడిది మధ్యాహ్నం 3 గంటల షిఫ్ట్. చూడ్డానికి ఒకేలా ఉన్నా అవి రెండు వేరు వేరు లెక్కలు, ఇద్దరి జవాబూ కరెక్టే. పక్కన ఆడపిల్లలు నవ్విన నవ్వుకి వాచ్‌మన్ లోపలికి తొంగి చూశాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంది కానీ ఇంటికి వచ్చేసరికి ఇదే వేరేగా మారుతోంది. తెలంగాణలో 2018 నుంచి ఈ పరీక్ష కంప్యూటర్ మీదే, ప్రశ్నపత్రం చేతికి రాదు, చిత్తు లెక్కలు వేసుకున్న కాగితాలు కూడా అక్కడే ఇచ్చేసి రావాలి. ప్రశ్నల వరుస కూడా అందరికీ ఒకటి కాదు, కాబట్టి "47వ ప్రశ్నకి నువ్వేం పెట్టావు" అన్న మాటకే అర్థం లేదు. అంతా జ్ఞాపకం మీద నడిచే లెక్క. 160 ప్రశ్నల్లో పిల్లలకు గుర్తుండేవి బాగా వచ్చినవి కొన్ని, బాగా ఏడిపించినవి కొన్ని, మధ్యలోవన్నీ ఆవిరి. ఒక అబ్బాయి 10 గంటలకు నాతో "112 వస్తాయి సార్" అన్నాడు, అందరితో మాట్లాడాక 12 గంటలకు 94 అన్నాడు. ఆ రెండు గంటల్లో వాడు రాసిన పరీక్ష మారలేదు కదా!

మాట్లాడుకోవద్దని నేను అనను, అన్నా ఆగరు, మనం ఆగామా? మా రోజుల్లో పరీక్ష మర్నాడు పేపర్లో కోచింగ్ సెంటర్లు వేసే కీ కోసం బస్టాండు దాకా సైకిల్ తొక్కినవాళ్లమే. రెండేళ్లు ఒకే బెంచీ మీద చదివిన పిల్లలు ఆ ఫిజిక్స్ ప్రశ్నలను కలిసి తిట్టుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. నాకు ఇబ్బంది ఎక్కడంటే, ఆ చెట్టు కింద పుట్టిన 94 అనే అంకె సాయంత్రానికి మీ ఇంటికి చేరి, పక్కింటి అబ్బాయి 120తో పోలికకు కూర్చుని, రాత్రి 11 గంటలకు నాకు ఫోన్‌గా వస్తోంది: "సార్, ఇక మేనేజ్‌మెంట్ సీటుకి డబ్బు చూసుకోవాలా?" అయ్యా, కీ కూడా రాలేదు, అప్పుడే అప్పులెందుకు?

ఇంకో సంగతి. వచ్చిన మార్కులను ఉన్నది ఉన్నట్టుగా తీసుకుని ర్యాంకు ఇవ్వరు. ప్రతి షిఫ్ట్‌లో అందరికంటే పైనున్న 0.1 శాతం మంది సగటు ఎంత, ఆ షిఫ్ట్ మొత్తం సగటు ఎంత, మార్కులు ఎంత చెదిరి ఉన్నాయి అన్నవి తీసుకుని, అన్ని షిఫ్టులూ కలిపిన లెక్కతో సరిచేస్తారు. దాన్నే నార్మలైజేషన్ అంటున్నారు. కష్టమైన పూట 90 తెచ్చుకున్నవాడు సులువైన పూట 95 తెచ్చుకున్నవాడికంటే ముందుండొచ్చు. యూట్యూబ్‌లో తిరిగే "ఇన్ని మార్కులకు ఇంత ర్యాంకు" పట్టికలు చూసి నిద్ర చెడగొట్టుకోకండి. జేఈఈ మెయిన్‌దీ ఇదే గొడవ, 92 పర్సంటైల్ అంటే నూటికి 92 మార్కులు కాదు, ఆ షిఫ్ట్‌లో రాసిన ప్రతి నూరు మందిలో 92 మంది వీడితో సమానంగానో వెనకో ఉన్నారని. ఆంధ్రలో ఉన్న మేనమామ చెప్పాడని ఈఏపీసెట్ ర్యాంకుకి ఇంటర్ మార్కులు 25 శాతం కలుస్తాయని కొందరు ఆశ పెట్టుకున్నారు, అది అక్కడి పద్ధతి, మన దగ్గర ఆ వెయిటేజీ తీసేశారు.

ఆ రోజు చెట్టు కింద నన్ను బాధపెట్టింది ఒకటే. బాగా చదివే అమ్మాయి, మాటల మధ్యలో 14 ప్రశ్నలు వదిలేశానని చెప్పింది. ఎందుకమ్మా అంటే "తప్పయితే మార్కు పోతుంది కదా సార్". జేఈఈలో తప్పు జవాబుకి ఒక మార్కు కోస్తారు, బైపీసీ పిల్లలు రాసే నీట్‌లోనూ అంతే, ఈఏపీసెట్‌లో కోత లేదు. ఆ 14కీ కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా మూడో నాలుగో తగిలేవి. మిగతావాళ్లంతా ఒక్కసారిగా మాట ఆపేశారు, ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. తప్పు నాది. జేఈఈ కోసం ఏడాదంతా "తెలియకపోతే వదిలేయండి" అని నూరిపోసింది మేమే, ఇక్కడ వదలొద్దని ఎన్నిసార్లు చెప్పామో నాకే గుర్తులేదు. వచ్చే బ్యాచ్‌కి హాల్ టికెట్లు వచ్చిన రోజునే ఈ మాట బోర్డు మీద పెద్దక్షరాలతో రాయిస్తాను.

ఇక మీ వైపు నుంచి ఒక్కటి అడుగుతాను. సెంటర్ గేటు దగ్గర పిల్ల బయటికి రాగానే "ఎన్ని చేశావ్" అనకండి. ఎండలో మూడు గంటలు మీరు నిలబడ్డారు, నాకు తెలుసు, అయినా ముందు మజ్జిగ ఇవ్వండి. వాళ్లే చెప్తారు, బస్సు ఎక్కాక చెప్తారు, లేకపోతే రాత్రి అన్నం దగ్గర చెప్తారు.

ప్రాథమిక కీ, రెస్పాన్స్ షీట్ (పిల్లలు పెట్టిన జవాబుల పత్రం) వెబ్‌సైట్‌లో పెట్టిన రోజు నుంచి మన కంప్యూటర్ ల్యాబ్ పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచే ఉంటుంది. పిల్లలు హాల్ టికెట్, రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకుంటే చాలు, నేనూ ఫిజిక్స్ మేడమూ కూర్చుని ఒక్కో ప్రశ్నా చూస్తాం. కీలో తప్పుందనిపిస్తే ఆ ప్రశ్న ఐడీతో, కారణంతో అభ్యంతరం పెట్టాలి, దానికి గడువు తక్కువ ఉంటుంది కాబట్టి ఊరెళ్లినవాళ్లు ఫోన్ అయినా చేయండి. ఈలోగా మీరు కుల, ఆదాయ సర్టిఫికెట్లకు మీసేవలో పెట్టేయండి, కౌన్సెలింగ్ అప్పుడు పరిగెత్తే బాధ ఉండదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి, మన దగ్గర చదివినవి ఆఫీసులో రెడీగా పెట్టించాను.

ఆ అమ్మాయి నిన్న వచ్చి తనవి తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ "సార్, మా చెల్లికి కూడా చెప్పండి, ఈ ఏడాది ఫస్టియర్‌లో చేరుతోంది" అంది.

మీ ప్రిన్సిపాల్